వాచ్‌మన్ కావలెను, భార్యాభర్తలు

ఇంగ్లీషు టీచరుగా నేను పిల్లలకు అర్థం చెప్పిన మాటల్లో, చెప్పిన ప్రతిసారీ నాకే ఒళ్ళు మండిన మాట ఒకటుంది. వాచ్‌మన్. కాపలా కాసే మనిషి అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది నిఘంటువు. ఆ అర్థం రాసిన పెద్దమనిషి హైదరాబాదు అపార్ట్‌మెంటులో కాపురం చేసి ఉండడు.

మా గోదావరి వైపు కావలివాడు అనేవారు. కొబ్బరితోటకో, చేపల చెరువుకో ఉండేవాడు. పొద్దుగూకే వేళకు టార్చిలైటుతో వచ్చి, తెల్లారాక తన ఇంటికి తాను పోయేవాడు. అతని పెళ్ళాం ఎవరో, ఏం చేస్తుందో తోట యజమానికి అక్కర్లేదు. మావారు ఉద్యోగం చేసే అద్దాల భవనం దగ్గర అదే పని చేసేవాడిని సెక్యూరిటీ అనేవారు. అతనికి టోపీ, బెల్టు, షిఫ్టు ఉండేవి. షిఫ్టు అయిపోతే బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. మేం అద్దెకున్న అపార్ట్‌మెంటులో మాత్రం వాచ్‌మన్ అంటే ఒక మగవాడు, అతని భార్య, మెట్ల కింద ఒక గది. మూడూ కలిస్తేనే ఆ మాట. జీతం మాత్రం ఒకటే.

అది తొంభై ఎనిమిది. మావారికి ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి, కొండాపూర్ దాటి శేరిలింగంపల్లి వెళ్ళే దారిలో ఇల్లు తీసుకున్నాం. అప్పటికి చుట్టూ రాళ్ళగుట్టలే. పొద్దున్నే ఎక్కడో గుట్టను పేల్చే చప్పుడు వినిపించేది, కిటికీ అద్దాలు గలగలలాడేవి. కాసేపటికి దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద కూర్చునేది. ఊరు పెరుగుతోందని అందరూ సంబరపడేవారు. నేను దగ్గరలోనే ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ది పాలమూరు వైపు. నగరానికి మొదట కంకర మిల్లులో పనికి వచ్చాడట. తర్వాత మా బిల్డింగు కడుతున్నప్పుడు గోడలకు నీళ్ళు కొట్టే పనిలో చేరాడు. సిమెంటు బస్తాలకు కాపలాగా ఇక్కడే పడుకునేవాడు. ఫ్లాట్లు అమ్ముడయ్యాక ఓనర్లు వచ్చారు, అతను మాత్రం అలాగే ఉండిపోయాడు. ఈ ఇంట్లో అందరికంటే ముందు కాపురం పెట్టింది వాళ్ళే అన్నమాట. వాళ్ళకో కూతురు, ఆరేళ్ళది. ప్రభుత్వ బడిలో ఒకటో తరగతి.

పని పంచుకోవడం ఎవరూ చెప్పి చేయించింది కాదు. గేటు, రాత్రి కాపలా, సంపులోంచి పైట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు అతనివి. మెట్లు తుడవడం, చెత్త తీయడం, కార్లు కడగడం ఆమెవి. ఇవికాక రెండు మూడు ఇళ్ళల్లో ఆమె అంట్లు తోమేది, వాటిలో మాదొకటి. బాల్కనీలోంచి ఎవరైనా "వాచ్‌మన్!" అని కేకేస్తే ఇద్దరిలో ఖాళీగా ఉన్నవాళ్ళు పలికేవారు. ఎక్కువసార్లు ఆమే పలికేది. "ఆ, వస్తున్న" అంటూ కొంగు దోపుకుని వచ్చే ఆమెను చూసి, నేను పిలిచింది మగవాణ్ణి కదా అని ఎవరూ అనుకునేవారు కాదు. ఆమె పేరు నాకు తెలుసు. అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది, మళ్ళీ ఎవరికీ చెప్పొద్దన్నట్టు నవ్వింది. అందుకని ఇక్కడా రాయను.

ఆ రోజుల్లోనే స్కూల్లో నామవాచకాల పాఠం వచ్చింది. పుస్తకంలో వాచ్‌మన్ అన్న మాట పక్కన, లాంతరు పట్టుకున్న మీసాలాయన బొమ్మ వేశారు. ఆ మాటతో ఒక వాక్యం రాయమన్నాను. మా వాచ్‌మన్‌కు ఒక భార్య, ఒక ఇస్త్రీపెట్టె ఉన్నాయని ఒకమ్మాయి ఇంగ్లీషులో రాసింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. పుస్తకంలో ఉన్నదానికంటే ఆ పిల్ల రాసిందే నిజానికి దగ్గర. పది మార్కులకు పదీ వేశాను.

వానాకాలంలో అతనికి దగ్గు పట్టుకుంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. గేటు దగ్గర దగ్గు వినిపిస్తే అతను మెలకువగానే ఉన్నాడని ఓనర్లకు ఒక నమ్మకం. దసరా నాటికి మెట్లెక్కలేకపోయేవాడు. గ్యాస్ బండ పైకి తెమ్మంటే ఆమె తెచ్చేది. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానలో చూపిస్తే ఊపిరితిత్తులు పాడయ్యాయని, కంకర మిల్లులో పీల్చిన రాతిదుమ్ము కూడా కారణమేనని చెప్పి, మంచం ఇచ్చి ఉంచేసుకున్నారు.

ఆ సంగతి అపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియదు. నాకు తెలియడం కూడా ఒక పొద్దున అనుకోకుండానే జరిగింది.

చలికాలం అప్పుడే మొదలవుతోంది. పాలప్యాకెట్ల కోసం కిందికి దిగాను. ఇంకా సరిగా వెలుతురు రాలేదు. ఖాకీ చొక్కా, మంకీ క్యాప్, చేతిలో కర్ర, గేటు తీస్తూ వాచ్‌మన్ కనిపించాడు. ఆరోగ్యం కుదుటపడినట్టుందే అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. చొక్కా కింద చీర కుచ్చిళ్ళు కనిపించాయి. ఇటు తిరిగింది. ఆమె.

నా నోట్లోంచి మాట వచ్చేలోపే చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కెళ్ళింది.

"టీచరమ్మా, మీ కాళ్ళు మొక్కుత, ఎవ్వలకు చెప్పకుండ్రి. ఆయన దవాఖానల ఉన్నడు. బాగై వచ్చేదాంక నేనే చేస్త."

"చెబితే ఏమవుతుంది? ఓనర్లూ మనుషులేగా" అన్నాను.

"ఇక్కడ ఆలుమగలు ఉండాలె అమ్మా. గదే రూలు. పోయినేడు ఆ మూల బిల్డింగుల వాచ్‌మన్ కాలిరగ్గొట్టుకుంటే వారంల గది ఖాళీ చేపిచ్చిండ్రు. గది పోతే ఊరికి పోవాలె. ఊర్లె ఏమున్నది? నా బిడ్డను ఇత్తనాల పత్తి చేన్ల క్రాసింగు కూలికి తోల్తరు. పూల మీద పూలు రుద్దుకుంట ఎండల నిలవడాలె. నా చిన్నప్పటి సంది నేను జేసిన, నాకెర్క. ఇది బళ్ళెకు పోతున్నది. జర దయ చూడుండ్రి."

చెప్పనని మాటిచ్చాను. రోజూ మధ్యాహ్నం మా ఇంట్లో అంట్లు ముగించుకుని బస్సెక్కి దవాఖానకు వెళ్ళేది. ఆ సమయానికి బడి నుంచి వచ్చిన పిల్ల మా హాల్లో కూర్చుని పలక దిద్దుకునేది.

అలా ఎన్ని రోజులు దాస్తుంది, రెండు రోజుల్లో బయటపడుతుందిలే అని నేను భయపడ్డాను. బయటపడలేదు. మొదట ఆశ్చర్యపోయాను, తర్వాత కోపమొచ్చింది. కూలిపనికి పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకోవడం ఇక్కడ మామూలే కాబట్టి పగలు ఆ చొక్కాను ఎవరూ వింతగా చూడలేదు. తెల్లవారుజామున పైనుంచి చూసేవాళ్ళకు చొక్కా, టోపీ కనపడితే చాలు. రాత్రిళ్ళు విజిల్ వినిపిస్తే చాలు. మోటారు వేళకు తిరిగితే చాలు. అతను ఏడీ అని ఎవరైనా అడిగితే "ఇప్పుడే దుకాణంకు పోయిండు" అనేది, "రాత్రంత డ్యూటీ చేసి పండిండు" అనేది. వాళ్ళు సరేనని వెళ్ళిపోయేవారు. ఒక మనిషి నెలల తరబడి లేకపోతే అన్ని కుటుంబాల్లో ఒక్కరి కంటికీ ఆనలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని అనడం లేదు. మావారితో సహా వాళ్ళందరూ పొద్దున్నే టిఫిను తిని, రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని బెంగ పెట్టుకుని ఆఫీసుకు పరిగెత్తే మనుషులు. గేటు తెరుచుకుంటే తెరిచిందెవరో చూడరు, అంతే.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం మా ఇంట్లో ఫోను మోగింది. ఆ బిల్డింగులో ఫోన్లున్న ఇళ్ళు తక్కువ. మా నంబరే ఆమె దవాఖానలో ఇచ్చి వచ్చింది. చేసింది వాచ్‌మన్ తమ్ముడు.

"అన్న పోయిండమ్మా. వదినెకు చెప్పుండ్రి. మేం దవాఖాన నుంచే ఊరికి తీస్కపోతున్నం" అన్నాడు.

ఆమె రెండో అంతస్తు మెట్లు తుడుస్తోంది. బకెట్టు, గుడ్డ, నీళ్ళల్లో ఫినాయిల్ వాసన. లోపలికి రమ్మన్నాను. నా మొహం చూసి బకెట్టు మెట్టు మీదే వదిలేసి వచ్చింది. తలుపు వేసి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, మంచిగా చెప్పి ఉండను, ఆ మాట మంచిగా చెప్పడం ఎవరికి చేతనవుతుంది?

నోరు తెరిచింది. వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. పక్క ఫ్లాటు ఓనర్ల సంఘం సెక్రటరీ గారిది. మధ్యలో ఉన్నది ఒంటిటుక గోడ. వాళ్ళింట్లో టీవీలో ఏం నడుస్తోందో మాకు వినిపించేది. ఆమె వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీదున్న గ్రైండరు వైపు చెయ్యి చూపించింది. మర్నాటికి ఇడ్లీలకని నానబోసిన పప్పు పక్కనే ఉంది.

"అది పెట్టుండ్రి అమ్మా" అంది.

పప్పు వేసి స్విచ్చి వేశాను. రాళ్ళు తిరగడం మొదలయ్యాక, ఆమె గ్యాస్ బండ పక్కన కూలబడి ఏడ్చింది. నా చెవులకే వినిపించీ వినిపించనట్టు ఏడ్చింది. పల్లెల్లో చనిపోయిన మనిషిని తలుచుకుని రాగం తీసి ఏడుస్తారు. చేసిన మంచి, పడిన కష్టం, పెళ్ళినాటి సంగతులు అన్నీ వరసపెట్టి చెప్పి ఏడుస్తారు. ఆమె పెదవులు ఆ మాటలన్నీ అంటున్నాయి. గొంతు మాత్రం గ్రైండరు మింగేసింది. నేను పక్కన నిలబడి గ్రైండరులో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. పిండి పొంగి రాయి మీంచి కారిపోతున్నా ఆపలేదు.

మధ్యలో తలుపు కొట్టారు. సెక్రటరీ గారి భార్య.

"ఇడ్లీకాండీ? ఎంతసేపటి నుంచో తిప్పుతున్నారు, మోటారు కాలిపోగలదు" అంది నవ్వుతూ.

"దోసెలక్కూడా కలిపి వేశానండి" అన్నాను.

సెక్రటరీ గారి భార్య వెళ్ళాక ఆమె లేచి మొహం కడుక్కుంది. బయటికి వెళ్ళి, మిగిలిన మెట్లు తుడిచింది. సగం తడిసి సగం పొడిగా ఉన్న మెట్లు చూస్తే ఎవరైనా ఏమైందని అడుగుతారని ఆమె భయం. తర్వాత సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళి, అత్తకు పాణం మీదికి వచ్చిందని, ఆలుమగలిద్దరం పోయొస్తామని చెప్పి, పిల్లను తీసుకుని బస్సెక్కింది. మోటారు గది తాళం నా చేతిలో పెట్టింది. ఆమె వచ్చేదాకా మోటారు నేనే వేశాను.

పెద్దకర్మకు ఉంటుందనుకున్నాను. ఉండకుండానే తిరిగొచ్చేసింది. నుదుట అంటించుకునే టిక్లి బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ మట్టిగాజులు. లోపలికి పిలిచి తలుపు వేశాను.

"అదేమిటి, అంతా అయ్యేదాకా ఉండలేదా?"

"ఉంటె ఆ దినం గాజులు పలగ్గొడ్తరు, బొట్టు తీస్తరు. అవి లేకుంట ఈ గేట్ల అడుగుపెడ్తె గది ఉంటదా అమ్మా? మా అత్త కొట్టిందొక్కటే తక్కువ. మొగుడు సచ్చిన సోయి లేదానే అన్నది. అననీ. ఆమె కొడుకే గదా, ఆమె దుఃఖం ఆమెది."

నుదుటి మీద ఆ టిక్లితోనే ఆమె మళ్ళీ మెట్లు తుడిచింది. అత్తకెలా ఉందని సెక్రటరీ గారు అడిగితే పోయిందని చెప్పింది. అలా ఊళ్ళో బతికున్న ముసలావిడ మా అపార్ట్‌మెంటులో చనిపోయింది, చనిపోయిన కొడుకు బతికి ఉన్నాడు. అయ్యో పాపం, మీ ఆయన తల్లి పోయిన బాధలో ఉన్నాడేమో, కొన్నాళ్ళు కార్లు మేమే కడుక్కుంటాంలే అని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నిజంగానే జాలిపడ్డారు. ఆమె తలొంచుకుని వింది.

మావారికి నేను అప్పుడే చెప్పాను. "మా ఆఫీసులో సెక్యూరిటీ వాళ్ళకి పెళ్ళయిందో లేదో కూడా నాకు తెలీదు" అన్నాడాయన. ఆ మాట ఎందుకన్నాడో తనకూ తెలిసినట్టు లేదు.

పిల్ల పరీక్షలు అయ్యేదాకా నెట్టుకురాగలిగితే, ఈలోగా ఎక్కడైనా ఇంటిపని, ఉండటానికి చిన్న చోటు చూడొచ్చని ఆమె ఆశ. నేను స్కూల్లో ఆయా పనికి అడిగి పెట్టాను. జూన్‌లో చూద్దామన్నారు. జూన్ దాకా ఆ గది నిలవాలి. మా ఇద్దరికీ ఆ వేసవి గండమే కనిపిస్తూ ఉండేది.

ఉగాది వచ్చింది. ఉగాదికి వాచ్‌మన్ దంపతులకు బట్టలు పెట్టడం ఆ అపార్ట్‌మెంటు ఆనవాయితీ. కింద కార్లు పెట్టే చోట కుర్చీలు వేసి, ఉగాది పచ్చడి అందరికీ పంచి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అతనికి ప్యాంటు షర్టు గుడ్డ, ఆమెకు చీర ఇచ్చేవారు. ఆ సంగతి మా ఇద్దరికీ ముందే గుర్తుంది. అతను ఊరికి వెళ్ళాడని చెప్పాలనుకుంది. అలాగే చెప్పింది.

"పండగపూట పెళ్ళాన్ని వదిలి ఏం ఊరమ్మా?" అన్నాడు సెక్రటరీ గారు.

"తల్లి పోయిన యేడు గదయ్యా, తమ్ముని తాన ఉండాలని పోయిండు."

అందరూ ఒప్పుకున్నారు. పాపం అతని బట్టలు దాచి ఉంచుతాం, వచ్చాక ఇస్తాం, నీ చీర నువ్వు తీసుకో అన్నారు. గండం గడిచిందనుకున్నాను. సంఘం ప్రెసిడెంటు గారి భార్య పళ్ళెంలో చీర పెట్టుకుని వచ్చింది. ఎర్రంచు పసుపు చీర. ఆవిడ ఎవరినీ నొప్పించే మనిషి కాదు, ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడే వెళ్ళేది. చీర ఇచ్చేముందు బొట్టు పెట్టడానికి కుంకుమలో వేలు ముంచి చెయ్యి చాపింది.

ఆమె వెనక్కి జరిగింది.

సిగ్గనుకుని అందరూ నవ్వారు. "కొత్త బట్టలు పెడుతూ బొట్టు పెట్టకపోతే ఎలాగమ్మా, ముత్తయిదువ్వి" అంటూ ఆవిడ మళ్ళీ ముందుకు వచ్చింది. ఈమె మళ్ళీ వెనక్కి జరిగింది. వెనక గేటు తగిలింది, ఇక జరగడానికి చోటు లేదు. పెట్టించుకో తల్లీ, ఒక్క బొట్టు, అని నేను మనసులో దండం పెట్టుకుంటున్నాను.

"వద్దమ్మా. నాకు పెట్టొద్దు. మీకు మంచిది గాదు."

"ఏమిటే ఆ మాట?"

"నా మనిషి లేడు. సంక్రాంతయినంక పోయిండు."

నుదుటి మీది టిక్లిని గోటితో తీసేసింది. తీసిన టిక్లి ఏం చేయాలో తోచనట్టు ఒక క్షణం వేలి మీదే ఉంచుకుని, వెనక గేటుకు అంటించింది. అద్దానికి అంటించే అలవాటు, అంతే. ప్రెసిడెంటు గారి భార్య చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

తర్వాత నేను ఆమె మీద మండిపడ్డాను. "నెలల తరబడి నీ చేత్తో నువ్వే పెట్టుకున్నావుగా. ఇంకొక్కటి పెట్టించుకుంటే ఏం పోయేది?"

"టిక్లి నేను పెట్టుకున్న. నా బిడ్డ కోసం పెట్టుకున్న. ఆ పాపం నాది" అంది. "ఆమె కుంకుమ పెడ్తున్నది. నా మొగడు సల్లగుండాలని మనసుల అనుకుంట పెడ్తది. ఆమె నిజం చేతిల నా అబద్ధం ఎట్ల పెట్టాలె అమ్మా?"

ఆమె చేసింది తెలివితక్కువ పని అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయినా ఆ రోజు ఆ గేటు దగ్గర ఆమె తప్ప మరొకరు చేయలేని పని అది.

ఆ సాయంత్రమే అక్కడే మీటింగు పెట్టారు. ఎవరూ కేకలు వేయలేదు, ఆమెను తిట్టలేదు. అదే నాకు ఇంకా భరించరానిదైంది. ఎంత మోసం చేసిందో చూశారా అని ఒకాయన అన్నా, పోనీలెండి పాపం అని నలుగురు సర్దిచెప్పారు. కానీ రూలు ఉంది కదండీ అన్నారు సెక్రటరీ గారు. ఒంటరి ఆడమనిషి గేటు దగ్గరుంటే రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదన్నారు. ఆడమనిషి వాచ్‌మన్ ఎలా అవుతుందండీ అని ఇంకెవరో అన్నారు. మరిదిని తెచ్చుకోమనండి, ఇద్దరూ ఉంటారు, అని ఒకరు. మరిదితో ఒకే గదిలోనా, రేపు పదిమంది ఏమంటారు, అని మరొకరు. పోనీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అప్పుడు చూద్దామని ఒక పెద్దమనిషి చాలా సౌమ్యంగా సలహా ఇచ్చాడు. భర్త పోయి మూడు నెలలు కాలేదు.

నాకు ఆగలేదు. "ఇన్నాళ్ళూ మీ గేటు తీసిందెవరండీ? రాత్రి విజిల్ ఊదిందెవరు? ట్యాంకు ఒక్క రోజైనా ఖాళీగా ఉందా? ఆడమనిషి వాచ్‌మన్ అవుతుందా కాదా అని ఇప్పుడు అడుగుతున్నారే, అయింది, మీరే చూడలేదు" అన్నాను.

"మేడమ్, మీరు అద్దెకున్నవారు" అన్నారు సెక్రటరీ గారు మెల్లగా. "మీ అభిప్రాయం మీ ఓనరు గారికి చెబుతాం."

నెలాఖరుదాకా గడువిచ్చారు. ఎర్రంచు పసుపు చీర వెనక్కి తీసుకుని, ఏ అంచూ లేని బూడిదరంగు చీర ఇచ్చారు. అదీ దయతోనే. మర్నాడు పొద్దున గేటుకు అట్టముక్క కట్టారు: వాచ్‌మన్ కావలెను, భార్యాభర్తలు. ఆ టిక్లి అట్ట వెనకాలకు పోయింది. వెళ్ళేదాకా ఆ బోర్డు ఉన్న గేటునే ఆమె పొద్దునా సాయంత్రం తీసింది, వేసింది. పనికోసం వచ్చిన జంటలకు సెక్రటరీ గారి ఫ్లాటు ఏ అంతస్తులోనో ఆమే చెప్పింది.

మా ఇంట్లో ఉండమన్నాను. మాది ఒకటే పడకగది, అయినా అన్నాను. "మీ ఓనరు మిమ్ములను గూడ ఎల్లగొడ్తడు" అని నవ్వింది. జూన్‌లో ఆయా పని వస్తే కబురు పెడతానన్నాను. పెట్టాను కూడా. అప్పటికే పిల్లను పత్తి చేలల్లోకి పంపారని, తల్లి కూడా అక్కడే చేస్తోందని, ఆమె మరిది ఫోనులో చెప్పాడు.

ఆమె గది ఖాళీ చేసి వెళ్ళిన రోజు ఆదివారం. సామాను పెద్దగా ఏం లేదు. రెండు బొంతమూటలు, గిన్నెలు, ఇస్త్రీపెట్టె. బస్టాండుదాకా వెళ్ళడానికి ట్రాలీ ఆటో తెచ్చుకుంది. పిల్ల అప్పటికే మూటల మీద కూర్చుని పలకను ఒళ్ళో పెట్టుకుంది. నేను మా బాల్కనీలోంచి చూస్తున్నాను. ఆమె ఆఖరి మూట నెత్తికెత్తుకుంది.

అంతలో మూడో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో, తల తుడుచుకుంటూ, కిందికి చూడకుండానే కేకేశారు.

"వాచ్‌మన్! నీళ్ళు రావడం లేదు, మోటారు వెయ్యి!"

"ఆ, వేస్తున్న!"

మూట దించి కింద పెట్టింది. మోటారు గదికి వెళ్ళింది. మోటారు చప్పుడు మొదలైంది. తిరిగొచ్చి, తాళంచెవిని గేటు కొక్కేనికి తగిలించి, మూట ఎత్తుకుని ఆటో ఎక్కింది. గుట్ట పక్కన మలుపు తిరిగేదాకా ఆటో కనిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. పిల్ల చూసింది.

కాసేపటికి ట్యాంకు నిండింది. నీళ్ళు పొంగి గోడ మీంచి కిందికి కారడం మొదలైంది, కార్ల మీద పడింది. ఒక్కొక్క బాల్కనీలోకి ఒక్కొక్కరు వచ్చారు. వాచ్‌మన్, వాచ్‌మన్ అని అన్ని అంతస్తుల నుంచీ పిలిచారు. తాళంచెవి ఎక్కడుందో నాకు తెలుసు. స్విచ్చి ఎక్కడుందో కూడా తెలుసు. బాల్కనీ కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాను, కదల్లేదు.